ముగింపు ముందు చదివిన ఎంపీ

ముందే చెప్పేస్తున్నాను. మా పాత ఎంపీ ఆ రోజు పార్లమెంటులో కాగితాలు తారుమారు చేసుకోలేదు. ఏది మొదలో ఏది చివరో తెలియక చదవలేదు. అన్నీ తెలిసే, చివరి వాక్యం నుంచి మొదలుపెట్టి వెనక్కి చదువుకుంటూ వచ్చారు. ఎడారిలో ఇరుక్కుపోయిన ఒక మనిషిని గోదావరిఖనికి రప్పించడానికి అలా చదివారు. కాగితాలు కలిసిపోయాయని, పాపం ఆయనకు చదవడం అలవాటు లేదని ఊళ్లో మొదట అన్నవాణ్ణి నేను. అది అబద్ధం.

ఇంత తొందరగా అసలు సంగతికి రావడం నాకు అలవాటు లేని పని. ఎందుకు అలవాటు లేదో, దానివల్ల ఎవరికి ఏం జరిగిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా ఊళ్లో ఇప్పటికీ ఎవరైనా చొక్కా తిరగేసి వేసుకుంటే, "ఏందిరా, ఎంపీ లెక్క ఏసుకున్నవ్" అంటారు. చౌరస్తాలో ఆటో వెనక్కి వస్తుంటే ఎంపీ సాబు వస్తున్నాడు జరగమంటారు. ఒక పెళ్లి విందులో మా బావమరిది తొందరపడి ముందే పాన్ నమిలేసి ఆ తర్వాత భోజనానికి కూర్చుంటే, వడ్డించేవాళ్లు దానికి ఎంపీ భోజనం అని పేరు పెట్టారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు అన్నం ముద్దతో పాటు గొంతులో అడ్డం పడి, పక్కవాళ్లు వీపు మీద చరచాల్సి వచ్చింది.

నేను ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. అయితే నన్ను ఊరికి తెలియజేసింది పాఠం కాదు, సన్మాన పత్రం. మా బొగ్గు గనుల దగ్గర నెలాఖరు వస్తే ఏదో ఒక గనిలో ఎవరో ఒకరు రిటైర్ అవుతారు. గని ఆఫీసు ముందు టెంటు వేస్తారు. దండ, శాలువా, గాజు ఫ్రేము కట్టిన సన్మాన పత్రం ఉండాల్సిందే. ఆ పత్రాలు నేను రాసేవాణ్ణి. గోలేటి నుంచి, నస్పూర్ నుంచి కూడా వచ్చి రాయించుకునేవారు. "ఉత్తరాన గలగలా పారే గోదావరి, దక్షిణాన మేఘమాలికలను తలపించే పొగగొట్టాలు" అని ఎత్తుకుంటే, మనిషి పేరు రావడానికి సగం పత్రం పట్టేది. పేరు వచ్చాక నిగర్వి, నిరాడంబరుడు, స్నేహశీలి అని అందరికీ ఒకేలా వేసేవాణ్ణి. ఒకసారి పెళ్లే చేసుకోని ఒక ఫిట్టర్‌ను ఆదర్శ దాంపత్యానికి ప్రతీక అని రాశాను. సభంతా చప్పట్లు కొట్టింది. ఆ ఫిట్టర్ కూడా కొట్టాడు. తప్పు జరిగినట్టు ఎవరికీ తోచలేదంటే నా రాతను జనం ఎంత శ్రద్ధగా వినేవారో అర్థం చేసుకోవచ్చు. నేను మాత్రం దాన్ని నా శైలి గొప్పదనం అనుకున్నాను.

ఇక ఎంపీ సంగతి. ఆయన గనిలో హాలేజీ ఆపరేటరు. అంటే, భూమి లోపలికి ఏటవాలుగా దిగే దారి పైన ఒక గదిలో కూర్చుంటారు. ముందు పెద్ద డ్రమ్ము, దానికి చుట్టిన ఇనుప తాడు. ఆ తాడు చివర, కనిపించనంత లోతులో, బొగ్గు నింపిన టబ్బులు, అంటే పట్టాల మీద నడిచే చిన్న ఇనుప బండ్లు. కింద ఉన్నవాళ్లు తీగ లాగితే పైన గంట మోగుతుంది. మిగతా లెక్కలు ఎలా ఉన్నా, నడుస్తున్నప్పుడు గంట ఒక్కసారి మోగితే ఆపేయాలి. ఉద్యోగమంతా ఆయన అదే చేశారు. తర్వాత యూనియన్‌లో పేరు వచ్చింది. ప్రతిపక్షంలో ఉన్న ఒక చిన్న పార్టీకి మా దగ్గర నిలబెట్టడానికి మనిషి దొరక్క ఆయన్ను అడిగింది. ఆయన సరే అన్నారు. గెలిచారు. ఎలా గెలిచానో నాకే తెలియదని దండలు మెడలో ఉండగానే చెప్పారు.

గెలిచాక నన్ను పిలిపించారు. గనిలో తన మిత్రుడి సన్మాన పత్రం విన్నప్పటి నుంచి నా మీద గురి అని, ఢిల్లీలో చదవాల్సినవి నన్నే రాయమని అన్నారు. ఆ సభలో ఆయన కళ్లు తుడుచుకోవడం నేనూ చూశాను. నా రాతకే కరిగారని అనుకున్నాను. అది కొత్త శాలువా నూగు కంట్లో పడటం వల్లనని చాలా కాలం తర్వాత తెలిసింది.

మా ఎంపీ ఆఫీసు ఒక పాత క్వార్టర్. దాని గేటు పక్కనే ఒక అక్క సర్వపిండి, మిర్చి బండి పెట్టుకుని ఉండేది. ఆమె భర్త ఇక్కడ మట్టి టిప్పర్ నడిపి, ఆ తర్వాత గల్ఫ్‌కు పోయాడు. అక్కడ పనిచేసిన కంపెనీ మూతపడింది. పాస్‌పోర్టు యజమాని దగ్గర, యజమాని ఎక్కడో, ఇతను ఎడారి అంచున ఒక రేకుల క్యాంపులో. దరఖాస్తులు పెట్టారు. అందినట్టు జవాబులు వచ్చాయి గాని మనిషి రాలేదు. రోజూ పొద్దున బండి మీద ఫోను ఆనించి పెట్టి ఆమె పిండి కలుపుతుంటే, అక్కడి నుంచి అతను చూస్తూ ఉండేవాడు. చూస్తూ ఊరుకునేవాడు కాదు. నువ్వులు తక్కువయ్యాయని, మంట పెద్దగా ఉందని, ఆ మూల మాడుతోందని చెప్పేవాడు. విసుగొస్తే ఆమె ఫోనును గోడవైపు తిప్పేది. గోడకు కూడా సున్నం వేయించలేదేమని అతను అడిగేవాడు.

ఎంపీ ఆ దారిన వచ్చినప్పుడల్లా ఫోనులోకి తొంగిచూసి పలకరించేవారు. ఆమె ఎప్పుడూ ఒకటే అడిగేది. "అన్నా, గా పెద్ద సభల మా ఆయన ముచ్చట ఒక్కపారి తియ్యరాదు. పేరు ఇనవడితె సాలు." తీస్తానని ఆయన మాట ఇచ్చారు. ఇచ్చిన మాటను రాయాల్సింది నేను.

మొదటి ప్రసంగం మా దేశపు సంగతి, అందులోనూ మా వీధి సంగతి. బొగ్గు లారీలు పోయే రోడ్ల మీద నీళ్లు చల్లించాలి, ఓపెన్‌కాస్టు గనుల పేలుళ్లకు పగిలిన గోడలకు పరిహారం ఇవ్వాలి. ఈ రెండు ముక్కలే చెప్పాలని ఆయన అన్నారు. రెండు ముక్కలు చెప్పడానికి నేనెందుకు? గోదావరితో మొదలుపెట్టాను. చిన్న పార్టీ సభ్యుడికి సభలో దొరికే సమయం గుక్కెడు నీళ్లు తాగేంత. మేమంతా ఆఫీసులో టీవీ ముందు కూర్చున్నాం. ఆయన లేచి, అధ్యక్షా అని, నేను రాసింది తెలుగులో గంభీరంగా చదివారు. "ఆ తల్లి గోదావరి ఒడిలో" అనేదాకా వచ్చింది. అధ్యక్షుడు గంట కొట్టారు. మా ఎంపీ నోట్లో ఉన్న మాట నోట్లోనే ఉంచి, కూర్చున్నారు.

మిగతా సభ్యులు గంట మోగాక గొంతు పెంచుతారు. ఒక్క నిమిషం అంటారు, చేయి ఊపుతారు, మైకు ఆగినా మాట ఆపరు. గంట కొట్టగానే ఆగిన మనిషిని ఆ సభ ఎప్పుడూ చూసి ఉండదు. అధ్యక్షుడే కంగారుపడి ఆరోగ్యం బాగానే ఉందా అన్నట్టు చూశారు. రోడ్ల మీద నీళ్ల మాట సభకు చేరలేదు. గోదావరి మాత్రం చేరింది. దాంతో ఆయన్ను నదుల పరిశుభ్రత మీద జరిగిన ఒక సమావేశానికి పిలిచి, ముందు వరుసలో కూర్చోబెట్టి, ఒక మొక్క చేతికిచ్చి పంపారు.

రెండోది విదేశీ వ్యవహారం. మన బొగ్గు ఇక్కడ కుప్పలు పడి ఉండగా పై దేశాల నుంచి ఓడల్లో బొగ్గు ఎందుకు తెప్పిస్తున్నారని అడగాలి. అంతే. నేను ప్రాచీన కాలపు సముద్ర వర్తకం నుంచి ఎత్తుకున్నాను. రేవులో తెరచాపలు గాలికి నిండుతున్నాయి, నావికులు భార్యాబిడ్డలకు వీడ్కోలు చెబుతున్నారు. గంట మోగింది. ఓడ రేవు దాటలేదు. ఆయన కూర్చున్నారు.

మా ఊరివాళ్లకు ఇది మరోలా అర్థమైంది. మా ఎంపీ నోరు నొక్కారని, మైకు కోశారని చౌరస్తాలో ధర్నాకు దిగారు. టెంటు వేశారు, దిష్టిబొమ్మ తగలబెట్టారు. నేను కూడా మైకు పట్టి ప్రజాస్వామ్యం గురించి మాట్లాడాను. అక్కడ గంట లేదు కాబట్టి చాలాసేపు మాట్లాడాను. ఇంతలో ఆయన ఢిల్లీ రైలు దిగి, రామగుండం స్టేషన్ నుంచి నేరుగా ఆ టెంటులోకి వచ్చారు. పొగలు వస్తున్న బొమ్మను చూసి, ఎవరికి ఏమైందని అడిగారు. మీకే అన్యాయం జరిగిందని చెప్పారు. ఆయన మైకు అందుకుని, "నా మైకు ఎవ్వలు కొయ్యలే. గంట కొట్టిండ్రు, నేనే ఆగిన" అన్నారు. ధర్నా చేస్తున్నవాళ్ల మొహాలు వాడిపోయాయి. టెంటువాణ్ణి అప్పుడే పొమ్మనడం బాగుండదని, అక్కడే కూర్చుని అందరూ చాయ్ తాగి వెళ్లారు.

ఆ తర్వాత విదేశాంగ శాఖ మీద చర్చ వచ్చింది. మా పార్టీకి కాస్త సమయం దొరికింది, అది ఆయనకే ఇచ్చారు. బండి అక్క భర్త సంగతి చెప్పాల్సింది ఇక్కడే. ఆయన నన్ను కూర్చోబెట్టి, గల్ఫ్ ముచ్చట ముందే రాయమని, బొగ్గు ఓడల సంగతి తర్వాత చూద్దామని చెప్పారు. నాకు అది కళ తెలియని మాటలా అనిపించింది. కష్టం చెప్పాలంటే ముందు వినేవాడి మనసును దున్నాలి కదా. అందుకని అరబ్బు దేశాలతో మనకున్న స్నేహం, ఖర్జూర చెట్లు, ఒంటెల బిడారు, ఇసుక మీద వెన్నెల, వీటన్నిటి తర్వాత పతాకస్థాయిలో అతని పేరు వచ్చేలా రాశాను. చదివి వినిపిస్తే ఆఫీసులో అటెండర్ ఏడ్చాడు. నాకు అంతకంటే రుజువు అక్కర్లేదు.

ఆ రోజు అక్క పొయ్యి ఆర్పేసి వచ్చి టీవీ ముందు కింద కూర్చుంది. ఎంత చెప్పినా కుర్చీ ఎక్కలేదు. ఫోనులో భర్త, అతని వెనక క్యాంపులోని మనుషులంతా ఒకరి భుజం మీద ఒకరు. ఆయన లేచారు. స్నేహం అయింది. చెట్లు అయ్యాయి. ఒంటెలు ఒకదాని వెనక ఒకటి తాపీగా నడిచాయి. నేను గోడ గడియారం చూడటం మొదలుపెట్టాను. ఒంటెల వాక్యం అంత పొడుగు అని రాసేటప్పుడు నాకు తెలియలేదు. "అటువంటి నిర్జన ఎడారిలో మా గోదావరిఖని బిడ్డ..." అన్నారు.

గంట.

ఆయన వేలు కాగితం మీద ఆగింది. టీవీలో అది స్పష్టంగా కనిపించింది. పేరు ఆ తర్వాతి మాటే. అయినా కూర్చున్నారు. ఫోనులో భర్త, సిగ్నల్ పోయిందా అని అడుగుతున్నాడు. పోలేదని ఎవరూ చెప్పలేదు.

అక్క లేచి చీర దులుపుకుంది. నా మీద కోపగించుకుని ఉంటే బాగుండేది. "సారూ, ఎడారి దాంక మంచిగనే తెచ్చిండ్రు" అంది. "మా ఆయన ఆడనే ఉన్నడు." వెళ్లి పొయ్యి వెలిగించింది.

ఎంపీ తిరిగి వచ్చాక నేనే ముందు ఎదురుదాడికి దిగాను. ఒక్క పేరు చెప్పి కూర్చుంటే ఏం పోయేదన్నాను. మిగతావాళ్లు గంట మీద గంట కొట్టినా ఆపరు కదా అన్నాను. గేటు బయట అక్క మిర్చి వేయిస్తున్న చప్పుడు వినిపిస్తూ ఉంది.

"నేను కూసున్న కాడికి టబ్బులు కనవడయ్ తమ్మీ" అన్నారు. "తాడు కనవడ్తది. గంట ఇనవడ్తది. గంట మోగితె ఆపుడే. ఎందుకు గొట్టిండని అడిగేలోపల ఆవల మనిషి నలిగిపోతడు. నా జిందగీల గంట మోగినంక జానెడు తాడు గుంజలే."

"అన్నా, అది గని. ఇక్కడ గంట కొట్టేది టైం అయిందని. కింద ఎవ్వరూ లేరు."

"నీకెట్ల తెల్సు?" అన్నారు.

గంట వింటే ఆయనకు చెయ్యి ఆగిపోతుంది, అంతే. నోరు కూడా ఆ చేతి మాటే వింటుంది. అది నేను మార్చగలిగింది కాదు. నేను మార్చగలిగింది నా కాగితాన్ని. ఈసారి పొట్టిగా రాస్తానని ఒట్టు పెట్టాను.

నిజాయితీగా చెబుతున్నాను, ప్రయత్నించాను. తర్వాతి సమావేశాలకు అదే విషయం మీద మళ్లీ రాయడానికి కూర్చున్నాను. వెన్నెల తీసేశాను. తీసేశాక ఇసుక బోసిపోయినట్టు అనిపించి, గాలి పెట్టాను. ఒంటెల్ని తగ్గించి ఒక్కదాన్ని ఉంచాను. ఒంటరి ఒంటె మరీ హృదయవిదారకంగా ఉంది, దాని గురించి ఇంకో వాక్యం పడింది. అన్నీ అయ్యాక చూస్తే ప్రసంగం మునుపటికంటే కొంచెం పెరిగింది. మనిషి పేరు ఇంకా చివర్లోనే ఉంది. ఆ చివరన "ఇంతటితో ముగిస్తూ, అవకాశమిచ్చిన సభకు ధన్యవాదాలు తెలుపుకుంటున్నాను" అని ఉంది. కాగితాలు ఆయన చేతికిచ్చాను. ఆయన మొదటి పేజీ చూశారు, చివరి పేజీ చూశారు, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఏమీ అనలేదు. బాగుందని అర్థం చేసుకున్నాను.

ఆ రోజు అక్క లోపలికి రాలేదు. బండి దగ్గరే ఉండి, ఏమన్నా ఉంటే పిలవమంది. ఫోను మాత్రం టీవీ ఎదుట పెట్టి వెళ్లింది. ఎంపీ లేచి నిలబడి గొంతు సవరించుకున్నారు.

"అధ్యక్షా, ఇంతటితో ముగిస్తూ, అవకాశమిచ్చిన సభకు ధన్యవాదాలు తెలుపుకుంటున్నాను."

సభలో నవ్వు. అనువాదకుడి గొంతు తడబడింది. అధ్యక్షుడు కూడా నవ్వుతూ, అయితే కూర్చోండి అన్నట్టు చేయి చూపించారు. గంట కొట్టలేదు గనక మా ఎంపీ కూర్చోలేదు. దానికి పైనున్న వాక్యం చదివారు. అందులో అతని పేరు ఉంది. దానికి పైనున్న వాక్యంలో క్యాంపు ఎక్కడుందో ఉంది. దాని పైన పాస్‌పోర్టు యజమాని దగ్గర చిక్కుకున్న సంగతి, ఆ పైన అతని వెంట ఉన్న మిగతావాళ్ల సంగతి. సభంతా వింటోంది. తర్వాత ఏ తమాషా వస్తుందోనని వింటున్నారు, అయితేనేం, వింటున్నారు. విదేశాంగ మంత్రి చెవి దగ్గర యంత్రం సరిచేసుకుని, నవ్వు ఆపుకుంటూ, ఆ పేరు మళ్లీ చెప్పమన్నారు. ఆయన మళ్లీ చెప్పారు. అలా ఆ పేరు సభలో రెండుసార్లు వినిపించింది. ఆ తర్వాత ఒంటె వచ్చింది, వెనక్కి నడుస్తూ. ఒంటె సగంలో ఉండగా గంట మోగింది. ఆయన కూర్చున్నారు. ఖర్జూర చెట్లు, ప్రాచీన స్నేహం ఆయన జేబులోనే ఉండిపోయాయి.

ఫోనులో క్యాంపు మొత్తం అరుస్తోంది. అటెండర్ అక్కను పిలవడానికి పరుగెత్తాడు. నేను సంతోషించాల్సిన సమయం అది. నేను చేసిన పని ఏమిటో ఇప్పుడు చెప్పాలి.

నా ఫోను మోగింది. నస్పూర్‌లో సన్మాన పత్రాలు నాతో రాయించుకునే ఒక యూనియన్ పెద్దమనిషి. "ఏంది సారూ, ముగింపు ముందుగాల రాసిండ్రట? గిట్లయితె మా సన్మానంల శాలువ ముందు గప్పి, మనిషిని తర్వాత పిలుస్తరా?" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. నా మొత్తం కీర్తి నా ప్రారంభాల మీద నిలబడి ఉంది. "నేను సరిగానే రాశాను కాకా. ఆయనే కాగితాలు తారుమారు చేసుకున్నాడు. పాపం, చదవడం అలవాటు లేదు" అన్నాను.

ఆ ఒక్క మాట. అందులో గోదావరి లేదు, మేఘమాలికలు లేవు. నా జీవితంలో నేను చెప్పిన అతి క్లుప్తమైన మాట అదే, అందుకేనేమో అతి దూరం పోయింది. చీకటి పడకముందే చౌరస్తా దాటింది. మర్నాటికి నది అవతల జైపూర్ పవర్ ప్లాంటు గేటు ముందు చాయ్ బండి దగ్గర ఎవరో అదే మాట నాకే చెప్పారు, నేను కొత్తగా వింటున్నట్టు తల ఊపాను.

ఆయనకు కూడా చేరింది. ఢిల్లీ నుంచి వచ్చినప్పుడు పక్కనున్నవాళ్లు, అన్నా ఖండించండి అని పట్టుబట్టారు. సారు తిన్నగా రాసింది మీరు తలకిందులు చదివారట అన్నారు. ఆ గదిలో నేను కూడా ఉన్నాను. ఆయన నావైపు చూడకుండా, "తలకిందులనే చదివిన గద. వాడు ఇంటికొస్తె సాలు" అన్నారు. నేను నోరు విప్పాల్సిన చోటు అది. నేను కిటికీ తలుపు గడియ సరిగా పడిందో లేదో చూశాను. పడే ఉంది.

ఎన్నికలు వచ్చాయి. ఎదుటి పక్షంవాళ్లు ఒక ఆటో మాట్లాడి, దానికి మైకు కట్టి, కాలనీల్లో రివర్స్‌లో తిప్పారు. వెనక్కి పోతున్నప్పుడు మోగే పాట మోగిస్తూ, మీ ఎంపీ వస్తున్నాడు అని చెప్పించారు. ఆ డ్రైవర్‌కు ఎన్నికలయ్యేసరికి మెడ ఒకవైపు పట్టేసింది. పిల్లలు వెంటపడి వెనక్కి నడిచేవారు. నేను కూడా ఒకరోజు ఆ ఆటోకు దారి ఇచ్చాను. ఆయన ఓడిపోయారు. ఓడటానికి వేరే కారణాలు ఉన్నాయని అందరూ అంటారు, ఉండే ఉంటాయి. కానీ ఆ ఆటో నేనన్న మాట మీద నడిచింది.

బండి అక్క భర్త మాత్రం వచ్చాడు. ఎన్నికలకు ముందే. మన రాయబార కార్యాలయం వాళ్లు క్యాంపు వెతుక్కుంటూ వెళ్లారట. ఫలానా పేరుగల మనిషి ఎవరని అడిగితే, వెనక్కి చదివిన సారు చెప్పింది నా పేరేనని ముందుకొచ్చాడట. అతని వెంట ఇంకొందరు కూడా వచ్చారు. బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా బండి దగ్గరకు వచ్చి, వేడి సర్వపిండి తుంచి నోట్లో వేసుకుని, నువ్వులు తక్కువయ్యాయన్నాడు. అక్క గరిటె అక్కడే పెట్టి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఫోనును తిప్పినట్టు అతన్ని గోడవైపు తిప్పడానికి ఇక వీల్లేకపోయింది.

ఈ మధ్యనే అతను నా దగ్గరకు వచ్చాడు. పాత ఎంపీకి సన్మానం చేస్తామని, టెంటు వద్దు, బండి దగ్గరే నలుగురిని పిలుస్తామని, పత్రం మాత్రం నేనే రాయాలని అడిగాడు. "సారూ, నా గురించి గంత మంచిగ రాసిండ్రు మీరు. ఆ ఒంటె ముచ్చట మా క్యాంపుల అందరికి నచ్చింది" అన్నాడు. అతనికి నేనన్న మాట సంగతి తెలియదు. రాస్తానన్నాను. రాయడానికి కూర్చుంటే అలవాటు కొద్దీ చెయ్యి గోదావరి వైపు పోయింది. దాన్ని ఆపడానికి నాకు గంట కొట్టేవాళ్లు ఎవరూ లేరు. చాలా కాగితాలు చింపాను.

సన్మానం సాయంత్రం పూట జరిగింది. పాత ఎంపీ ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నారు. అక్క శాలువా కప్పింది, నూగు లేనిది చూసి కొన్నానని చెప్పింది. ఒక పెద్ద స్టీలు గ్లాసులో చాయ్ ఆయన చేతికిచ్చారు. నేను పత్రం తెరిచి మొదటి వాక్యం చదివాను. "కాగితాలు తారుమారు కాలేదు, ఈయన కావాలనే ముగింపు ముందు చదివారు, తారుమారయ్యాయని అబద్ధం చెప్పింది నేను."

పొయ్యి మీద నూనె చిటపటలాడుతోంది. అక్క నావైపు చూసింది, ఆయన వైపు చూసింది. ఆయన చాయ్ ఊదుకుంటున్నారు. ఏదో ఒకటి అంటారని ఆగాను. ఆయన ఇంకా ఊదుకుంటూనే ఉంటే రెండో వాక్యంలోకి దూకాను. నేను ఎలాంటి నీచుడినో, పశ్చాత్తాపం ఎలా నా గుండెను నిలువునా దహిస్తోందో, ఆ మంటలు ఎలా మా గనుల్లో ఆరని అగ్నిలా...

ఆయన చెంచాతో గ్లాసు మీద ఒక్కసారి కొట్టారు.

ఆగిపోయాను. నోట్లో ఉన్న మాట నోట్లోనే ఉంది.

"సాలు తమ్మీ" అన్నారు. "మొదలే చెప్పినవ్ గద."

అక్క నా చేతిలోంచి పత్రం తీసుకుని, నూనె అంటని చోట పెట్టి, ఆ చేతిలోనే ఒక ప్లేటు పెట్టింది. "తినుండ్రి సారూ, సల్లారుతది" అంది. నువ్వులు ఈసారి సరిపోయాయని ఆమె భర్త అన్నాడు.